తాతయ్య ఆకు మందు, నాయనమ్మ తాలు కుప్ప

మొన్న వేసవిలో, ఏడాదికి సరిపడా కారం ఆడించుకుందామని తెప్పించిన ఎండుమిరపకాయలను అద్దంకిలో మా ఇంటి వెనక వసారాలో చాప మీద పోసుకుని తొడిమలు తీస్తూ కూర్చున్నాను. ఆడించి పొట్లం కట్టిన కారమే కొట్లో దొరుకుతుంటే ఈ వయసులో ఈ ఘాటు మీకెందుకండీ అని పక్కింటావిడ ఏటా అడుగుతుంది, నేనూ ఏటా తుమ్ముల మధ్య ఏదో ఒక సాకు చెబుతాను. అసలు సంగతేమిటంటే, కాయను చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, తాలు కాయ కనబడితే ఏరి పక్కన పడేస్తే తప్ప నాకు తృప్తి ఉండదు. మనలో తాలు అంటే తెలియనివాళ్ళు ఉండరు గానీ, ఒకవేళ మీ మనవరాలెవరైనా పక్కన కూర్చుని చదువుతుంటే చెప్పండి: చెట్టు మీదే తెగులు తగిలో, కళ్ళంలో ఆరబోసినప్పుడు వానకు తడిసో ఎరుపు పోయి తెల్లగా పాలిపోయిన కాయను తాలు అంటారు. చూపుకు అదీ కాయే, కారంలో వేస్తే మాత్రం రంగూ రాదు, రుచీ ఉండదు.

అలా కూర్చుని ఉండగా ఫోను టింగుమంది. మా కుటుంబమంతటికీ కలిపి పిల్లలు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. పొద్దున్నే దేవుడి బొమ్మలు, మధ్యాహ్నం వంటలు, సాయంత్రం ఎవరో ఒకరి పుట్టినరోజు, అంతే దాని భాగోతం. ఆ రోజు మాత్రం నా మేనల్లుడు, అంటే పోయిన మా తమ్ముడి కొడుకు, ఉత్తరమంత మెసేజి పెట్టాడు. వాడు చిలకలూరిపేటలో ఒక నూలు మిల్లులో సూపర్‌వైజరు, చదువుకున్నవాడు, మిషను శబ్దం వినే ఎక్కడ దారం తెగిందో చెప్పగలడని పేరున్నవాడు. ముందు రోజు సాయంత్రం వాడి ఆరేళ్ళ కూతుర్ని వీధికుక్క ముంజేతి మీద కరిచిందట, రెండు పళ్ళు దిగాయట. డాక్టరు టీకా వేయించమన్నాడట గానీ, వీడు ఫోనులో ఏవేవో వీడియోలు చూసి, టీకాలన్నీ కంపెనీల వ్యాపారమని, వాటివల్ల లేనిపోని జబ్బులు వస్తాయని నిశ్చయించుకుని, వేయించకుండానే పిల్లను ఇంటికి తెచ్చేశాడట. మా ముత్తాత కుక్కకాటుకు వందల మందికి ఆకు మందు ఇచ్చాడు, ఒక్క ప్రాణం పోలేదు, అందుకు మా అత్తయ్యే సాక్ష్యం, తొమ్మిదో ఏట పిచ్చికుక్క కరిచినా ఇవాళ్టికీ గుండ్రాయిలా ఉంది అని రాసి, చివర, అత్తయ్యా, ఆ ఆకు పేరేమిటో చెప్పు అని అడిగాడు. కింద అప్పటికే పదిమంది చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టారు.

నిజం చెప్పొద్దూ, నాకు వాడి మీద కోపం రాలేదు. ముందు భయం వేసింది, ఆ వెనకే సిగ్గు వేసింది, ఎందుకంటే ఆ కథ వాడికి చిన్నప్పుడు చెప్పింది నేనే. ముప్పై ఏళ్ళు ఎలిమెంటరీ బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పినదాన్ని, ఇంట్లో పిల్లలకు మాత్రం ఎక్కం సగమే చెప్పి వదిలేశానని ఆ మెసేజి చదివాకే నాకు తెలిసొచ్చింది.

వెంటనే ఫోను చేశాను. గాయాన్ని సబ్బు పెట్టి కుళాయి కింద పావుగంట కడగమన్నాను, కడిగామన్నాడు, మళ్ళీ కడగమన్నాను. ఆసుపత్రికి తీసుకెళ్ళరా నాయనా అంటే, నువ్వు వచ్చి ఆకు సంగతి తేల్చాక చూద్దాం అత్తయ్యా అన్నాడు. ఇక ఫోనులో తేలే వ్యవహారం కాదని, చాప మీద కాయలు చాప మీదే వదిలేసి, మంటపుడుతున్న చేతులకు కొబ్బరినూనె రాసుకుని బస్టాండుకు పరుగెత్తాను. మోకాళ్ళ నొప్పులవాళ్ళ పరుగు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా.

పేట, అంటే చిలకలూరిపేట, వెళ్ళే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. రోడ్డు పక్క పొలాల్లో అక్కడక్కడా ఇంకా ఎత్తని మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, ఆ ఘాటు కిటికీలోంచి లోపలికి వస్తుంటే నాకు మా ఊరి కళ్ళమే కళ్ళ ముందుకొచ్చింది.

మా ఊరు పర్చూరుకీ పేటకీ మధ్య నల్లరేగడి నేలల్లో ఉంటుంది. మా తాతయ్య, అంటే మా నాన్న తండ్రి, అక్కడ మిరప వేసే రైతు. నిలువెత్తు మనిషి, ఈ చేలో కేకేస్తే నాలుగు చేల అవతల ఎద్దులు తలెత్తి చూసేవి. అటువంటి మనిషి, కుక్క కరిచిన పిల్లనో పిల్లాడినో ఎవరైనా బండి మీద తెస్తే మాత్రం, ఆ గొంతంతా ఎక్కడ దాచుకునేవాడో, పసిపిల్లను జోకొడుతున్నట్టు మాట్లాడేవాడు. ఆకు మందు ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. పొద్దు పొడవకముందే పొలం గట్టుకు వెళ్ళి ఆకు కోసుకొచ్చి, నూరి, బెల్లంలో ఉండ కట్టి, మూడు ఉదయాలు మింగించేవాడు. ఆ ఆకు పేరు నేను ఇక్కడ రాయను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. దానికి ఆయన పైసా ముట్టేవాడు కాదు, మందు పుచ్చుకున్నవాళ్ళ ఇంట మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు. మందు తర్వాత నలభై రోజులు పథ్యం ఉండేది: గుమ్మడికాయ తినకూడదు, వంకాయ తినకూడదు, నీసు ముట్టకూడదు, అద్దంలో మొహం చూసుకోకూడదు. పథ్యం తప్పితే నా పూచీ లేదమ్మా అని ప్రతి తల్లికీ చెప్పి మరీ పంపేవాడు.

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. కళ్ళం మాత్రం ఆవిడ రాజ్యం. కాయ కోతకొచ్చి కళ్ళంలో ఎండాక, కూలీ ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టి తాలు ఏరించేది, తానూ తలకు తువ్వాలు చుట్టుకుని వాళ్ళ మధ్యే కూర్చుని ఏరేది. ఊళ్ళో మిగతా రైతులు ఏరిన తాలును గొడ్ల చావిడిలోకో, పట్ట కిందకో తోసేసి, బేరగాడు వచ్చేసరికి ఎర్ర కుప్ప ఒక్కటే నిగనిగలాడేలా చూసుకునేవాళ్ళు. నాయనమ్మ అలా చేయనిచ్చేది కాదు. ఎర్ర కుప్ప పక్కనే తాలు కుప్ప పోయించి, బేరం కుదిరేదాకా దాని మీద పట్ట కప్పనిచ్చేది కాదు. మన పరువు మనమే ఎండలో ఆరబోసుకోవడం ఏమిటే అని తాతయ్య విసుక్కునేవాడు. తాలు లేని చేను ఈ నేల మీద లేదు, పక్కన తాలు కుప్ప కనబడకపోతే అది మూటలో అడుగునైనా ఉండాలి, ఇంటి వెనకైనా ఉండాలి, మన కుప్ప రెండూ చూసినవాడు మూటలో చెయ్యి పెట్టి వెతకడు అని ఆవిడ వాదన. ఆవిడ అన్నట్టే, మా ఇంటికొచ్చే బేరగాడు మూటలు విప్పించకుండానే తూకం వేయించుకునేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆ కళ్ళంలోనే, నాయనమ్మకు మంచినీళ్ళ చెంబు తీసుకెళ్తుంటే ఎక్కడినుంచి వచ్చిందో ఒక కుక్క, మొరగలేదు గుర్రుమనలేదు, వచ్చి నా పిక్క పట్టుకుంది. ఆడవాళ్ళు గంపలతో కొడితే వదిలిపెట్టి తూలుకుంటూ పోయింది. ఇంట్లో ఎవరూ పెద్దగా కంగారు పడలేదు, మందు ఇచ్చేవాడు ఇంట్లోనే ఉండగా కంగారెందుకు? మర్నాటి నుంచి మూడు ఉదయాలు తాతయ్య నాకు ఉండ మింగించాడు, అద్దం తీసి అటక మీద పెట్టించాడు. పిల్లలందరిలో నాకు దొరికిన ఆ గొప్పకు నేను కుంటుకుంటూనే మురిసిపోయాను.

నాలుగో రోజున ఆ కుక్క చొంగ కార్చుకుంటూ కాలవగట్టున చచ్చిపడి ఉందని పాలేరు వచ్చి చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాయనమ్మ చెయ్యి కాయల మీద ఆడలేదు. మధ్యాహ్నం తాతయ్య అన్నానికి కూర్చున్నప్పుడు వడ్డిస్తూ మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఎంతమందికి ఇచ్చావు అని అడిగింది. లెక్కలేనంతమందికి అన్నాడు. అందులో బతికి ఉన్నామని వచ్చి చెప్పినవాళ్ళెందరు అంది. బోలెడుమంది, ఏటా అరటిగెలలు తెస్తున్నది నువ్వు చూడటం లేదా అన్నాడు. బతికినవాడు గెల తెస్తాడు, పోయినవాడు ఏం తెస్తాడు, వాళ్ళను ఏ కుప్పలో పోశావు అంది. కరిచిన కుక్కలన్నీ పిచ్చివి కావు కదా, వాళ్ళు నీ మందుకు బతికారో, మంచి కుక్క కరిచి బతికారో నీకెట్లా తెలుసు అని కూడా అడిగింది. తాతయ్య చేతిలోని ముద్ద విస్తరిలో పెట్టేశాడు. ఒకరిద్దరు పోయిన మాట నిజమేగానీ వాళ్ళు పథ్యం తప్పారు, పేటకు వెళ్ళే దోవలో ఉన్న పల్లెలో ఒక పిల్లాడు గుమ్మడికాయ తిన్నాడని అప్పట్లోనే అందరూ అన్నారు అన్నాడు.

అప్పుడు నాయనమ్మ గరిటె కింద పెట్టి, నేను జన్మలో మరిచిపోలేని మాట అన్నది.

"ఎర్రకాయ వస్తే మన సేద్యం గొప్ప, తాలు వస్తే వాన తప్పు. ఇట్లా చెప్పుకుంటా కూర్చుంటే మనకు సేద్యం ఎప్పటికి వస్తదయ్యా?"

తాతయ్య విస్తరి ముందునుంచి లేచిపోయాడు. ఆ పూటంతా చావిట్లో ఎద్దుల దగ్గరే కూర్చున్నాడు, మా నాన్న వెళ్ళి పిలిచినా రాలేదు. మా నాన్నకు తండ్రి మాటంటే వేదం, మా అమ్మకు నోరెత్తే అలవాటు లేదు. ఆవిడ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేస్తూ కూర్చుంది, వేసిన జడనే విప్పి మళ్ళీ వేసింది. అప్పుడు నాకు అర్థం కాలేదుగానీ, ఆ ఇంట్లో ఆ పూట అందరూ నా ప్రాణం గురించే ఆలోచిస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే తాతయ్య బండి కట్టాడు. ఎక్కడికని ఎవరికీ చెప్పలేదు, నన్ను ఎత్తి గడ్డి మీద కూర్చోబెట్టి, నాయనమ్మ వైపు చూశాడు, ఆవిడ బట్టల మూటతో సిద్ధంగా ఉంది. దోవలో ఉన్న పల్లెలో ఒక పూరింటి ముందు బండి ఆపాడు. మీకు తట్టే ఉంటుంది, గుమ్మడికాయ తిని పోయాడని చెప్పుకున్న ఆ పిల్లాడి ఇల్లు అదే. వాడి తల్లి అప్పటికి నడివయసు మనిషి, ఆకు మందు అయ్యగారు వచ్చారని గబగబా మంచం వాల్చి, చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాతయ్య కూర్చోలేదు. మీ వాడు పథ్యం ఎప్పుడు తప్పాడమ్మా, ఏం తిన్నాడో నీకు సరిగా తెలుసా అని అడిగాడు.

ఆ తల్లి చెప్పింది విన్నప్పుడు నేను బండి చక్రం పట్టుకుని నిలబడి ఉన్నాను. ముప్పై రోజులు దాటేదాకా ఒక్క పొల్లు పోనివ్వకుండా కాపాడిందట. ఒకనాడు చుట్టాల పెళ్ళికి వెళ్తే అక్కడ దప్పళంలో గుమ్మడికాయ ముక్కలున్నాయట. తినలేదమ్మా అని పిల్లాడు ఒట్టు పెట్టాడట, తిన్నావేమోరా అని ఈవిడ కొట్టిందట. వారం తిరక్కుండా వాడు నీళ్ళు చూసి బెదరడం మొదలుపెట్టాడట. వాడు పోయి పదకొండేళ్ళయింది, ఆనాటినుంచి నా ఇంటి మీదికి గుమ్మడితీగ పాకనివ్వలేదయ్యా, నా చేతులతో నేనే పెళ్ళికి తీసుకుపోయాను అని చెప్పి, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు గడప మీద కూలబడింది.

తాతయ్య చేతులు రెండూ జోడించాడు. ఊరి పెద్దల ముందు కూడా ఆయన చేతులు కట్టుకున్నది నేనెరగను.

"తప్పు నీ గుమ్మడికాయది కాదమ్మా. నా మందుది. నీ కొడుకు నీకు అబద్ధం చెప్పలేదు."

ఆవిడ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. అప్పుడు ఏడ్చింది. తాతయ్య ఆవిడ తెచ్చిన చెంబు ఎత్తి నీళ్ళు తాగి, బండెక్కాడు. పేట చేరేదాకా ఎద్దులను కూడా అదిలించలేదు.

పేటలో బండి తెలిసినవాళ్ళ ఇంట వదిలి, బస్సులో గుంటూరు వెళ్ళాం. అక్కడ నాయనమ్మ చెల్లెలి ఇంట్లో పద్నాలుగు రోజులున్నాం, పెద్దాసుపత్రిలో రోజుకొకటి చొప్పున బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. మన వయసువాళ్ళకు ఆ సూదుల పేరెత్తితేనే పొట్ట లోపలికి పోతుంది కదూ. నేను మొదటి రోజు ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా అరిచాను, తర్వాత్తర్వాత అలవాటైపోయింది. తాతయ్యకు మాత్రం అలవాటు కాలేదు, రోజూ నా చెయ్యి పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడేవాడు. అయిపోయాక బయట పుల్ల ఐసు కొనిపెట్టి, నొప్పిగా ఉందా తల్లీ అని ఇంటికి చేరేలోపు పదిసార్లు అడిగేవాడు.

ఆఖరు రోజున కాంపౌండరు పెద్ద పుస్తకంలో నా పేరు పక్కన టిక్కు పెడుతుంటే తాతయ్య వంగి చూశాడు. ఇందులో బతికినవాళ్ళనే రాస్తారా, పోయినవాళ్ళను కూడా రాస్తారా అని అడిగాడు. ఆలస్యంగా వచ్చి పోయినవాళ్ళు, సగంలో మానేసి పోయినవాళ్ళు, అన్నీ చేసినా పోయినవాళ్ళు, సూది పడక కాళ్ళు చచ్చుపడినవాళ్ళు కూడా ఇందులో ఉన్నారు, రాయకపోతే మాకెట్లా తెలుస్తుంది పెద్దాయనా అన్నాడు కాంపౌండరు. తిరుగు బస్సులో తాతయ్య నాయనమ్మతో, వాళ్ళు తాలు కుప్ప మీద పట్ట కప్పరే అన్నాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ అంది.

ఇక్కడితో కథ అయిపోలేదు. మేం ఇంటికి వచ్చిన వారానికే అద్దంకి వైపునుంచి ఒక బండి వచ్చింది, కుక్క కరిచిన ఆడపిల్ల. తాతయ్య నిజం చెప్పాడు, నా మందు పనిచేయదు, గుంటూరు తీసుకెళ్ళండి అన్నాడు. వాళ్ళు నమ్మలేదు, ఈయనకు ఎవరో చెడుపు చేశారని గుసగుసలాడుకుని, బండిని ఇంకో ఊళ్ళో మందు ఇచ్చే ఇంకో మనిషి దగ్గరికి తిప్పారు. ఆ పిల్ల ఏమయిందో మాకు తెలియలేదు. తాతయ్య ఆ సంగతిని మాత్రం మనసులోంచి తీసెయ్యలేకపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఆయన మందు ఇవ్వనని చెప్పలేదు. ముందు నూతి దగ్గర కూర్చోబెట్టి, తానే సబ్బు పెట్టి గాయం కడిగేవాడు. మందు ఇస్తానుగానీ నా మందుకు ఇప్పుడు పథ్యం మారింది అనేవాడు. గుమ్మడికాయ తినొచ్చు, వంకాయ తినొచ్చు, అద్దం చూసుకోవచ్చు, పథ్యం ఒక్కటే, పద్నాలుగు రోజులు పద్నాలుగు సూదులు, ఒక్కటి తప్పినా నా పూచీ లేదు, అవి పూర్తయ్యాక వచ్చి ఉండ పుచ్చుకోండి అనేవాడు. డాక్టరు చెబితే విననివాళ్ళు పథ్యమంటే విన్నారు. పథ్యం తప్పడమంటే మన జనానికి ఎంత భయమో ఆయనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? తోడు ఎవరూ లేనివాళ్ళను పేటదాకా తానే దిగబెట్టి, గుంటూరు బస్సు ఎక్కించి వచ్చేవాడు.

ఆయన పోయేదాకా ఇక ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎవరూ పోయినట్టు మేం వినలేదు. జనం మాత్రం, ఆకు మందు గొప్పదయ్యా అన్నారు.

ఇక నా తప్పు సంగతి. పెళ్ళయి, ఉద్యోగమొచ్చి, సెలవులకు పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా మా తమ్ముడి పిల్లలు డాబా మీద నా చుట్టూ చేరి కుక్క కథ చెప్పమనేవాళ్ళు. సూదుల దగ్గరికి రాగానే చిన్నవాళ్ళు చెవులు మూసుకుని ఏడుపు మొహం పెట్టేవాళ్ళు. సరే పోనీలే అని ఒక ఏడాది ఆ సూదులను రెండు మాటల్లో తేల్చేశాను, మరుసటి ఏడాది ఒక మాటలో, ఆ తర్వాత అసలే మానేశాను. ఆ పల్లెలో తల్లిని ఎలాగూ చెప్పేదాన్ని కాదు, పిల్లలకు చెప్పే కథా అది? చివరికి మిగిలింది ఆకు, బెల్లం, అటకెక్కిన అద్దం, బతికి బట్టకట్టిన నేను. నాయనమ్మ మనవరాలినై ఉండి, నా కథలో తాలునంతా నేనే ఏరి ఇంటి వెనక పోసేశాను. ఆ ఎర్ర కుప్పనే నా మేనల్లుడు నమ్మాడు. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

బస్సు దిగి ఆటోలో వాడి ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నమవుతోంది. పిల్ల టీవీ చూస్తోంది, ముంజేతి మీద రెండు చిన్న ఎర్ర మచ్చలు, దాని తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఐదో క్లాసు పిల్లాణ్ణి నిలబెట్టినట్టు వాణ్ణి కూర్చోబెట్టి, ఈసారి ఒక్క సూది కూడా వదలకుండా అంతా చెప్పాను. వాడు ఊరికే ఒప్పుకోలేదు, వాడిలో మా తాతయ్య రక్తం ఉంది. పైసా తీసుకోని మనిషి అబద్ధమెందుకు చెబుతాడు అన్నాడు. డబ్బు ముట్టనివాడు మోసం చేయడురా, పొరపాటు పడడని ఎవరన్నారు అన్నాను. అప్పుడు పొట్ట చుట్టూ పద్నాలుగన్నారు, ఇప్పుడు చేతికి నాలుగైదంటున్నారు, రోజుకో మాట చెప్పేవాళ్ళనెట్లా నమ్మడం అన్నాడు. ఆ పాతమందు కొందరికి పడలేదని వాళ్ళ పుస్తకంలో వాళ్ళే రాసుకున్నారు గనకే కొత్తది తెచ్చారు, మీ ముత్తాత మాట మార్చబట్టే నేను బతికాను అన్నాను. టీకా వేయించుకుని జబ్బుపడిన మనిషి వీడియో చూపించాడు. వాళ్ళ తాలు కుప్పలోంచి ఒక కాయ పట్టుకొచ్చి చూపిస్తున్నారు సరే, ఆకు మందు పుచ్చుకుని పోయినవాళ్ళ వీడియో ఒక్కటి చూపించు, లేదంటే ఆ కుప్ప ఎక్కడ దాచారో వాళ్ళను అడుగు అన్నాను. వాడు ఫోనును వేలితో పైకి తోసుకుంటూ, తోసుకుంటూ వెతికాడు.

నా మనసులో ఒక ఆలోచన రాకపోలేదు. తాతయ్యలాగే, టీకా కూడా పథ్యమేరా అని ఒక చిన్న అబద్ధం ఆడితే ఇంత వాదన లేకుండా పని అయిపోయేది, ఆయన పేరూ నిలిచేది. కానీ ఆయన ఆనాడు ప్రాణాల కోసం ఆడిన ఆ మంచి అబద్ధమే కదా, అరవై ఏళ్ళు తిరిగి వచ్చి ఆయన ముని మనవడి కూతురి చెయ్యి పట్టుకుంది. అందుకే ఆయన పేరు పోతే పోనీ అనుకుని, మందు పనిచేయదని ఆయనే ఆ తల్లితో చెప్పిన మాటను ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఇంత జరిగితే నాకు ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

నువ్వు చెవులు మూసుకునేవాడివిరా అన్నాను. వాడు నవ్వబోయి, నవ్వలేక, లేచి పిల్లకు చెప్పులు తొడిగాడు.

ఆసుపత్రిలో గాయం చుట్టూ ఒక మందు, దండచేతికి టీకా వేశారు, మళ్ళీ ఏ ఏ రోజుల్లో రావాలో చీటీ మీద రాసిచ్చారు. పిల్ల గట్టిగానే ఏడ్చింది. వాడు దాని చెయ్యి పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు, నేను ఆ వీపును చూస్తూ ఉండిపోయాను. చీటీలో రాసిన రోజులన్నీ పూర్తయ్యేదాకా నేను పేటలోనే ఉన్నాను. గ్రూపులో కథ మొత్తం రాసి పెట్టాను, ఆకు పేరు తప్ప. చప్పట్ల బొమ్మలు ఈసారి రాలేదు, ఒకళ్ళిద్దరు ఇన్నాళ్ళూ దాచావా అని నిష్ఠూరమాడారు. ఆడనీ.

ఇప్పుడనిపిస్తుంది, మన చిన్నతనంలో తప్పుడు మాట ఊరు దాటాలంటే బండెక్కాలి, దోవలో నాయనమ్మలాంటావిడ ఎవరో ఒకరు ఆపి, పక్క కుప్పేదయ్యా అని అడిగేది. ఇప్పుడు ఎర్ర కుప్పలు నేరుగా అరచేతిలోకే వచ్చి పడుతున్నాయి, ఒకదాని మీద ఒకటి, నిగనిగలాడుతూ. వాటిని పంపేవాళ్ళంతా మోసగాళ్ళని నేననను, మా మేనల్లుడు మోసగాడు కాదు, మా తాతయ్యా కాదు. మా ఊరి కళ్ళంలోలాగా తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని తాలు ఏరే ఆడవాళ్ళే ఎక్కడా కనబడరు.

ఆఖరి టీకా రోజున ఇంటికొచ్చాక పిల్ల నా ఒళ్ళో చేరింది. వాళ్ళ నాన్న చెప్పిన పాత కథలో పథ్యం సంగతి విన్నదేమో, మొహం చిన్నబుచ్చుకుని అడిగింది.

"అమ్మమ్మా, నేనింక ఏమేం తినకూడదు?"

నాకు ఆ పూరిల్లు గుర్తొచ్చింది, గడప మీద కూలబడిన ఆ తల్లి గుర్తొచ్చింది. ఆవిడ ఎప్పుడు పోయిందో, ఆ తర్వాతైనా ఆ ఇంటి మీద గుమ్మడితీగ పాకనిచ్చిందో లేదో నాకు తెలియదు, అడిగి తెలుసుకోవాలని ఇన్నేళ్ళలో తోచనూ లేదు. పిల్ల తల నిమిరి, అన్నీ తినొచ్చమ్మా అన్నాను. ఆ పూట గుమ్మడికాయ దప్పళం నేనే పెట్టి, రెండు ముక్కలు ఎక్కువ వేసి, దానికి నా చేత్తో కలిపి తినిపించాను.